ముల్లంగి తొట్టి మీది ఆకాశం

సెగావా మాస్టారు చాప మీద పరిచిన కాగితాన్ని కినుయె ఒక్కసారే చూసింది. రెండోసారి చూస్తే చింపేస్తానేమోనన్న భయంతో తల తిప్పుకుంది.

కాగితం మీద తిరగలి బొమ్మ ఉంది. పై రాయి గీతలు ఎర్ర సిరాతో, కింది రాయి గీతలు నల్ల సిరాతో గీశారు. ఎరుపు సరిగ్గా నలుపు మీదే కూర్చుంది. ఎక్కడా ఒక గీత ఇంకో గీతను దాటలేదు. చూడ్డానికి ఎనిమిది రేకుల పువ్వులా ముద్దుగా ఉంది. దాని జబ్బల్లా ఆ ముద్దుతనమే.

"అరవయ్యో పండుగ లోపల మూలమ్మగారి పై రాయికి ఇలా కక్కు కొట్టించాలని కమిటీ నిర్ణయించింది, ఇసోనో గారూ," అన్నాడు సెగావా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. "ఆకాశం, భూమి ఏకమవుతాయన్న మన సిద్ధాంతం అప్పుడు రాతిలో కూడా కనిపిస్తుంది."

కినుయెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరి సిద్ధాంతం, మాస్టారూ?"

"మనదే."

"ఆ మనలో నేనున్నానా?"

సెగావా నవ్వాడు. క్యోటోలో పెద్ద చదువులు చదివొచ్చిన నవ్వు అది. అవతలివాళ్లు అరిచేకొద్దీ మెత్తబడుతుంది. నలభై ఏళ్లవాడు, మందిరంలో సిద్ధాంత విభాగానికి పెద్ద. అతను గొంతు పెంచగా ఎవరూ వినలేదు. అందుకే కినుయెకి అతన్ని చూస్తే ఒళ్లు మంట.

ఇసోనో కినుయె తిరగళ్లకు కక్కు కొట్టే మనిషి. తాంబా కొండల్లో ఆ పని చేసే ఆడవాళ్లు ఇంకెవరూ లేరు, ఇప్పుడు మగవాళ్లు కూడా లేరు. ఒకుసె ఊరి నడుమ మవారి మార్గం అనే మతం వాళ్ల పెద్ద మందిరం ఉంది. మందిరం నడుమ గద్దె మీద, మార్గం మొదలుపెట్టిన మూలమ్మ తిప్పిన తిరగలి ఉంది. లోకానికి నడిబొడ్డు అదేనని మార్గంలో ఉన్న నలభై వేలమందీ నమ్ముతారు. నమ్మనివాళ్లు వీళ్లని తిరగలోళ్లు అని వెక్కిరిస్తారు. ఆ తిరగలి మీద సుత్తి వెయ్యడానికి హక్కున్న చెయ్యి కినుయెది ఒక్కటే. ఏడాదికి రెండుసార్లు, అరిగిన గీతలకు మళ్లీ పదును పెడుతుంది. ముప్పై మూడేళ్లుగా పెడుతోంది. రోజూ పొద్దున్నే మందిరంలో తనతో పని చేసే తోమెతో కలిసి ఆ తిరగలి విసిరి, ఆ సోబా గింజల పిండితో ఉండలు చేసి మందిరానికొచ్చిన రోగులకు పెట్టేది కూడా ఆమే.

"ఇలా కొడితే పిండి రాదు," అంది కినుయె. "చెప్తా వినండి. రెండు రాళ్ల మీదా గీతలు ఒక్కలాగే కొడతాం. పైదాన్ని బోర్లిస్తే దాని గీతలు అటు తిరిగిపోతాయి. కింది గీతల్ని అడ్డంగా దాటతాయి, కత్తెరలాగా. ఆ దాటే చోటే గింజ నలుగుతుంది, నలిగి అంచుకి జారుతుంది. మీ బొమ్మలో అవి దాటవు. ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. గింజ నోట్లోకి పోయి అక్కడే కూర్చుంటుంది. చెయ్యి పడిపోయేదాకా తిప్పండి, రాయి వేడెక్కడమే తప్ప ఏమీ రాదు."

"తెలుసండి," అన్నాడు సెగావా.

కినుయె గిరుక్కున అతని వైపు తిరిగింది.

"ఆ సంగతి మా దృష్టికి వచ్చింది. కాని ఇక మీదట అది పిండి విసరాల్సిన అవసరం లేదు కదా. రోగులకి ఉండలు చెయ్యడానికి పిండి పొట్లాలు తెప్పిస్తాం. శుభ్రంగా కూడా ఉంటుంది. తిరగలి ఒక గుర్తుగా ఉంటే చాలు."

అసలు కథ ఇదీ. రెండేళ్ల కిందట సెగావా మనుషులే ఆ పువ్వు బొమ్మ గీశారు. దాన్ని బిళ్లల మీద అచ్చు కొట్టించి నలభై వేలమంది మెడల్లో వేశారు. కొత్త మందిరం పైకప్పు నిండా బంగారు రంగుతో వేయించారు. మొన్న వసంతంలో ఒకయామా నుంచి ఒక రిటైరైన బడిపంతులు వచ్చి, తిరగలి పై రాయి ఎత్తి ఉన్నప్పుడు చూసి, బొమ్మ ఒకలా రాయి ఒకలా ఉందేమిటని ఉత్తరం రాశాడు. బొమ్మే తప్పని ఒప్పుకుంటే పరువు పోదూ? అందుకని రాయినే మార్చేద్దామనుకున్నారు.

"మీకు ఇష్టం లేకపోతే ఒసాకా నుంచి కరెంటు యంత్రంతో మనిషిని పిలిపిస్తాం," అన్నాడు సెగావా అంతే మర్యాదగా. "మీ చేత్తో అయితే గౌరవంగా ఉంటుందని ముందు మీ దగ్గరికి వచ్చాను."

"టీ తాగి వెళ్లండి," అంది కినుయె. ఆ గొంతుకి ఇంకొకడైతే చెప్పులేసుకోకుండా పారిపోయేవాడు. సెగావా మాత్రం టీ పూర్తిగా తాగి, కప్పు చాప మీద పెట్టి, నేలకి తల ఆన్చి మరీ వెళ్లాడు.

కినుయె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఇరవయ్యేళ్లు. మామ తొరకిచి మందిరానికి రాతి పనివాడు. మూలమ్మ, అంటే కుగా ఫుయు, అప్పటికే డెబ్బై దాటిన ముసలమ్మ. ఆమె జీవితం గురించి ఇప్పుడు రంగుల పుస్తకం వేశారు. అందులో పేజీ పేజీకీ నవ్వుతూ ఉంటుంది. కినుయె ఎరిగిన మూలమ్మ నవ్వింది తక్కువ. తాగుబోతు మొగుడు, ఒకే ఏడాదిలో పోయిన ముగ్గురు పిల్లలు, ఊళ్లోవాళ్ల గింజలు కూలికి విసిరి విసిరి వంకర్లు పోయిన వేళ్లు. మూడో బిడ్డ పోయిన రోజున ఆమె తిరగలి ముందు కూర్చుని ఆకాశాన్ని తిట్టడం మొదలుపెట్టిందట. మూడు రోజులు ఆపకుండా తిట్టింది. నాలుగో రోజు తిరగలి నోట్లోంచి జవాబు వచ్చింది. మార్గం అలా పుట్టింది. రంగుల పుస్తకంలో తిట్లు లేవు. "ప్రార్థించారు" అని రాశారు.

కొత్త కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇద్దరూ ఒకే పిడి పట్టుకుని తిప్పుతుంటే మూలమ్మ లోకం పుట్టుక చెప్పింది.

"మొదట్లో ఆకాశం, భూమి రెండూ నున్నగా ఉండేవే. ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి. గొడవా లేదు, ఏమీ లేదు. వాటి మధ్యన ఈగ కూడా పుట్టలేదు. అప్పుడు కిందున్నమ్మకి ఒళ్లు మండింది. గోళ్లతో తన ఒంటి మీద ఎనిమిది గీతలు గీసుకుంది. అది చూసి పైనాయనకి పౌరుషం వచ్చి తనూ ఎనిమిది గీసుకున్నాడు. ఎదురెదురుగా ఉన్నారు కదా, ఈవిడ కుడి ఆయనకి ఎడమ. మళ్లీ తగిలేసరికి గీతలు అడ్డం పడ్డాయి. అడ్డం పడ్డ చోట రాలింది చూడు, అదే మొదటి రోజు. దాని వెనక రెండో రోజు. ఇప్పటిదాకా అట్లాగే రాలుతున్నాయి."

"మరి వాళ్లిద్దరూ రాజీ పడిపోతేనో, అమ్మా?"

మూలమ్మ ఆమె చేతి మీద ఒక్కటిచ్చింది. "రాజీ పడితే నీకు రేపన్నది ఉండదే, పిచ్చిమొహమా! తిప్పు, చెయ్యాపకు."

ఆ దెబ్బ కినుయెకి ఇప్పటికీ గుర్తు. కక్కు కొట్టడానికి కూర్చున్న ప్రతిసారీ కుడిచేతి వెనకభాగం చురుక్కుమన్నట్టే ఉంటుంది.

పెళ్లైన రెండేళ్లకి మొగుడు చైనా యుద్ధానికి వెళ్లాడు. తెల్లగుడ్డ చుట్టిన అస్థికల పెట్టెగా తిరిగి వచ్చాడు. ఆ ఏడే పోలీసులు మందిరం మీద పడ్డారు. లోకానికి నడిబొడ్డు చక్రవర్తిగారు ఉన్న చోటు కాకుండా ముసల్దాని తిరగలి ఎట్లా అవుతుందని వాళ్ల ప్రశ్న. మూలమ్మని లాక్కుపోయి ఆర్నెల్లు ఉంచి వదిలారు, ఆ వసంతంలో ఆమె పోయింది. తిరగల్ని మాత్రం పట్టుకోలేకపోయారు. తొరకిచి ముందు రోజే రెండు రాళ్లూ ఎత్తుకొచ్చేశాడు. కింది రాయిని బావి దగ్గర కాళ్లు కడుక్కునే బండగా బోర్లా వేశాడు. పై రాయిని, అంటే ఆకాశాన్ని, వంటింటి వెనక ముల్లంగి ఊరబెట్టే తొట్టి మూత మీద బరువుగా పెట్టాడు. తొందరలో అంచు ఒకచోట తొట్టికి తగిలి బొటనవేలంత పెచ్చు ఊడింది.

పోలీసులు ముల్లంగి చేను తవ్వారు. ఇంట్లో నేల చెక్కలు పెరికారు. పొయ్యి బూడిదలో ఇనప చువ్వలు గుచ్చి చూశారు. వాళ్లలో ఒకడు అలిసిపోయి ఆ తొట్టి మీదే, ఆ రాయి మీదే కూర్చుని సిగరెట్టు ముట్టించాడు. కినుయె వాడికి టీ ఇచ్చింది. ఏడేళ్లు ఆకాశం అక్కడే ఉంది. ఉప్పునీళ్లు తాగి తాగి దాని అంచున తెల్లటి వలయం కట్టింది. ఎన్నిసార్లు కడిగినా ఆ మరక పోలేదు.

మూలమ్మ మనవడు మసఒమిని కూడా కినుయె వాళ్లింట్లోనే దాచారు. అప్పుడు వాడికి నాలుగేళ్లు. ఆ తొట్టిలో ముల్లంగి ముక్కలు తినే పెరిగాడు. ఆ ఏడేళ్లలోనే మామ కినుయెకి సుత్తి పట్టడం నేర్పాడు. మూలమ్మ తిరగలి తీసిన బండలోంచే తెచ్చిన, అదే కొలతలున్న ఇంకో జత రాళ్ల మీద ఆమె చెయ్యి తిరిగింది. ఆ నేర్చుకున్న జత ఇప్పటికీ కట్టెల కొట్టంలో ఉంది. మసఒమి ఇప్పుడు మార్గానికి మూడో గురువు. రంగుల పుస్తకంలో ముల్లంగి తొట్టి సంగతి వెయ్యనివ్వలేదు. బాగుండదన్నారట.

సెగావా వచ్చి వెళ్లిన మర్నాడు కినుయె మూడో గురువు దగ్గరికి వెళ్లింది. పండుగకి వేసుకోబోయే తెల్లపట్టు అంగీ కొలతలు చూపించుకుంటున్నాడు. దర్జీని పంపేసి, చాప చూపించి, "రా అత్తా" అన్నాడు.

"మసా, ఆ రాయిని చంపేస్తారటగా?"

"అట్లా అనకత్తా. సెగావా చదువుకున్నవాడు. అన్నీ ఆలోచించే చెప్తాడు."

"మీ నాయనమ్మ చదువుకోలేదు. ఆవిడకి వచ్చింది ఈయనకి రాలేదు."

"కాలం మారింది కదత్తా. ఇప్పటి జనానికి కొట్లాడుకునే దేవుళ్లు వద్దు. శాంతి కావాలి."

"శాంతా?" కినుయె గొంతు గదంతా మోగింది. "కడుపులో పుండుతో నా దగ్గరికొచ్చిన ఏ ఒక్కత్తీ శాంతి అడగలేదు మసా. రేపు అడిగింది. ఎల్లుండి అడిగింది. పిడికెడు పిండిలో అదే ఇస్తున్నాం మనం. నువ్వు పొట్లాంలో కొనిస్తావా?"

మసఒమి కళ్లు దించుకున్నాడు. చిన్నప్పుడు తప్పు చేసినా అంతే. కొట్టేదాకా కళ్లెత్తేవాడు కాదు.

"కమిటీ చెప్పినట్టు చేసెయ్యత్తా. ఈ ఒక్కసారికి."

ఇంకో మాట అనేలోపే కినుయెకి ఒక ఆలోచన తట్టింది. కోపం అట్లాగే ఉంది. గొంతు మాత్రం తగ్గించింది.

"ఆ రాయి నీకు గుర్తుందా? కళ్లు మూసుకుని చెయ్యి పెడితే తెలుస్తుందా?"

"అదేం మాట! దాని కిందే కదా పెరిగాను. తెలీకుండా ఎట్లా ఉంటుంది?"

"అయితే సరే. చేస్తాను," అంది కినుయె.

మర్నాడు పై రాయిని తోపుడు బండి మీద పెట్టి, మీద తెల్లగుడ్డ కప్పి, తోమెతో కలిసి కినుయె తన ఇంటికి తోసుకొచ్చింది. దారిలో మందిరం కాపలావాళ్లు తలలు వంచి దారి ఇచ్చారు. తోమె డెబ్బయ్యేళ్లది. నలుగురూ ఊరుకున్న చోటే ఆమెకి నోరు లేస్తుంది.

"నువ్వెట్లా ఒప్పుకున్నావే?" అంది ఇంట్లోకి రాగానే. "మూలమ్మ దెబ్బ మర్చిపోయావా? నీ చేతులు పడిపోను!"

"కొట్టంలోకి రా, చెప్తా."

కట్టెలు పక్కకి నెట్టి కినుయె తను నేర్చుకున్న పై రాయిని బయటికి దొర్లించింది. మూలమ్మ రాయి పక్కన పెట్టింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకదానికి పెచ్చు, ఉప్పు మరక ఉన్నాయి. ఇంకోదానికి లేవు. అంతే తేడా.

"బొమ్మ దీని మీద కొడతా," అంది కినుయె. "అది వాళ్లకిస్తా."

తోమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. "ఈ వయసులో దేవుడి సొత్తు దొంగతనమా! ఇద్దరం జైలుకి పోతామే. అక్కడ అన్నం బాగానే పెడతారట."

"దొంగతనం ఎట్లా అవుతుంది? మసా చెయ్యి పెడతాడుగా. పెట్టగానే తెలిసిపోతుంది. 'అత్తా, ఇది కాదు' అన్నాడనుకో, ఆ నిమిషమే అసలుది తెచ్చి గద్దె మీద పెడతా. అందరి ముందూ కాళ్ల మీద పడతా. ఏ శిక్షైనా వెయ్యనీ."

"అనకపోతే?"

కినుయె సుత్తి అందుకుంది.

పదకొండు రోజులు కొట్టింది. ఆ పువ్వు బొమ్మని ఒక్క గీత తప్పకుండా కొట్టింది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా సెగావాని ఒక తిట్టు, కమిటీని ఒక తిట్టు, మసఒమిని రెండు తిట్లు తిట్టింది. మూడు రోజులు తిట్టిన మూలమ్మ ముందు ఇదొక లెక్కా అనుకుంది. తన చేత్తో ఇంత పనికిమాలిన పని ఎప్పుడూ చెయ్యలేదు. అది ఇంత నాజూగ్గా వస్తుంటే ఏడుపొచ్చింది. పని అయ్యాక తోమె, అంచున ఒక పెచ్చు ఊడగొట్టి కాస్త ఉప్పు రాస్తే ఎవరికీ అనుమానం రాదంది. కినుయె ససేమిరా అంది. మసఒమి చేతికి ఆ మాత్రం అవకాశం వదిలిపెట్టాలి.

పండుగనాడు మందిరంలో మూడు వేలమంది కూర్చున్నారు. తలెత్తితే పైకప్పు నిండా బంగారు పువ్వు. డప్పులు ఆగాయి. తెల్లపట్టు అంగీలో మూడో గురువు గద్దె ఎక్కి, తిరగలి ముందు మోకరిల్లి, పై రాయి మీద అరచెయ్యి ఆనించాడు. ముందు వరసలో కినుయె కాస్త ముందుకి జరిగింది.

ఆ చెయ్యి అంచు వెంట మెల్లగా జరిగింది. పెచ్చు ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది.

చెప్పరా మసా, చెప్పు, అనుకుంది కినుయె లోపల.

మూడో గురువు జారిన అంగీ చెయ్యి సర్దుకుని, పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు.

సోబా గింజలు తిరగలి నోట్లో పోశారు. ఎనిమిది చుట్లు తిరిగింది. అంచున ఏమీ రాలలేదు. ఇంకో ఎనిమిది. ఏమీ రాలలేదు. ఆ అంచున రాలే పిండే రాబోయే ఏడాది రోజులు అని ఆ మూడు వేలమందికీ తెలుసు. వెనక వరసల్లో ముసలమ్మలు మెడలు సాచారు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చింది. గురువు చెంపల మీద చెమట కారుతోంది. రాయి కింద నుంచి మాడు వాసన లేచింది.

సెగావా కళ్లతోనే ఏదో చెప్పాడు. తెల్ల దుస్తుల్లో ఇద్దరు వచ్చి, పెద్ద విసనకర్రలు అడ్డం పట్టి, గద్దె చుట్టూ తిరిగారు. విసనకర్రలు తీసేసరికి తిరగలి చుట్టూ పిండి ఉంది. తెల్లగా, మెత్తగా, కొట్లో పొట్లాం పిండి. తమ తిరగలి పిండి ఎప్పుడూ బూడిద రంగులో ఉంటుందని ఒక్కరికీ గుర్తు రాలేదు. మూడు వేలమందీ హమ్మయ్య అన్నారు. చప్పట్లతో కప్పు అదిరిపోయింది. కినుయె ఒళ్లో చేతులు పెట్టుకుని రాయిలా కూర్చుంది.

సాయంత్రం మసఒమి వెతుక్కుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. గండం గడిచినవాడి ముఖం.

"అత్తా, ఎంత బాగా చేశావు! పాత మరకలన్నీ పోయి రాయి కొత్తదానిలా ఉంది."

ఆ చెంప మీద ఒక్కటివ్వాలని కినుయె చెయ్యి పైకి లేవబోయింది. ఎవరికోసం కొట్టాలి? కొడితే తెలిసేవాడయితే ఎప్పుడో తెలిసేది.

"పోయాయి మసా," అంది. "అన్నీ పోయాయి."

పండుగ వెళ్లిన మూడో పొద్దుటికే కినుయె పెరటి గుమ్మం దగ్గర నలుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. తోమె నోరు ఊరుకుంటుందా? మందిరంలో ఇస్తున్న ఉండలు బంకబంకగా ఉన్నాయట. ససయామా నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన ఒకావిడ కడుపు పట్టుకుని గడప మీదే కూర్చుంది.

మూలమ్మ పై రాయి, కినుయె నేర్చుకున్న జతలోని కింది రాయి మీద చక్కగా కుదిరింది. తొరకిచి రెండు జతలకీ గీతలు ఒక్కలాగే కొట్టాడు. కినుయె, తోమె ఎదురెదురుగా కూర్చుని తిప్పారు. మూడో చుట్టుకే అంచు వెంట బూడిద రంగు పిండి రాలింది. వేడివేడిగా ఉండలు చేసి నలుగురికీ పెట్టారు. గడప మీద కూర్చున్నావిడ రెండు తిని, మూడోది అడిగి తీసుకుంది.

వాళ్లు వెళ్లాక ఇద్దరూ రాయిని ఎత్తి ముల్లంగి తొట్టి మూత మీద పెట్టారు. తోమె నడుం పట్టుకుని నిఠారుగా నిలబడింది.

"ఎన్నాళ్లే ఈ దాగుడుమూతలు? రేపు ఎవరైనా వచ్చి వెతికితే?"

"ఎవరొస్తారే?" అంది కినుయె. ఆమె కోపం ఇంకా పోలేదు. "అప్పుడు పోలీసులు చేనంతా తవ్వారు. నేల పెరికారు. పొయ్యిలో బూడిద కూడా వదల్లేదు. ఆ ముండాకొడుకులకి దాని విలువ తెలుసు. మనవాళ్లకి పోయిందని కూడా తెలీదే!"